బామ్మర్ది అమ్మిన సైకిలు, పట్టని గేరు

నల్గొండ నుంచి ఒక జూనియర్ లెక్చరర్ ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. ఉత్తరం పెద్దది కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆయనకు నలభై దాటాయి. షుగరు వచ్చేలా ఉంది, ఒళ్లు కదిలించమని డాక్టరు చెప్పాక సైకిలు తొక్కాలనుకున్నారు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న బామ్మర్ది దగ్గర ఒక రోడ్ బైకు (వంపు హ్యాండిల్ ఉన్న రేసు తరహా సైకిలు) ఉంది. 2020లో లాక్‌డౌన్ ఎత్తేశాక మోజుపడి కొన్నాడు, కొన్నాళ్లు తొక్కాడు, తర్వాత అది బాల్కనీలోనే ఉండిపోయింది. "కొత్తదాని లెక్కనే ఉంది బావా, తీస్కపో" అన్నాడట. 18 వేలకు బేరం కుదిరింది. మే నెలలో, మిట్టమధ్యాహ్నం, అపార్ట్‌మెంట్ చుట్టూ తొక్కి చూస్తే గేర్లన్నీ పడ్డాయి. బస్సు డిక్కీలో పడుకోబెట్టి ఊరికి తెచ్చుకున్నారు. రోజూ తెల్లవారుజామున పానగల్లు దాకా వెళ్లడం, ఉదయసముద్రం కట్ట మీద కాసేపు ఆగి తిరిగి రావడం, ఆదివారమైతే నార్కట్‌పల్లి వైపు. బాగానే సాగింది. తర్వాత వానలు పట్టుకున్నాయి, కాలేజీలో పని పెరిగింది, సైకిలు వరండాలో మూలపడింది. నవంబరులో బయటికి తీస్తే కుడిచేతి గేరు లివర్ పట్టడం మానేసింది. లోపలికి తోస్తే టక్కుమనదు, ఊరికే ఊగుతుంది. చైను వెనకాల అన్నిటికన్నా చిన్న పళ్ల చక్రం మీదే కూర్చుంది. ఎండ ఎక్కాక ఒక్కోసారి గేరు పడుతుంది. మర్నాడు పొద్దున మళ్లీ అదే తంతు. ఆ బరువు గేరులోనే తొక్కీ తొక్కీ ఇప్పుడు మోకాళ్లు నొప్పి.

చిన్నప్పటి నుంచి తనకు పంక్చర్లు వేసిన సైకిల్ షాపు చాచాకు చూపిస్తే "వైరు పోయింది" అని మార్చాడు. లోపలి వైరు ఈయనే హైదరాబాద్ నుంచి తెప్పించారు, ఔటర్ (వైరు నడిచే పై తొడుగు) మాత్రం చాచా తన దగ్గరున్నదే వేశాడు. లివర్ బాగుపడలేదు సరికదా, ఎప్పుడైనా గేరు పడితే పెద్ద చక్రం నుంచి చిన్నదానికి చైను బద్ధకంగా దిగుతోంది, మధ్య గేర్లలో గరగర వస్తోంది. హైదరాబాద్‌లో ఒక షాపుకు వీడియో పంపితే "లివర్లు పోయినయ్ సార్, జత మార్చాలె, 14 వేలు" అన్నారు. నాన్న "యాభై ఏండ్లు గేరు లేని సైకిలే తొక్కినం, ఏమైంది?" అంటున్నారు. ఈయన కోపంలో భార్యతో "నీ తమ్ముడు చెత్త అంటగట్టిండు" అనేశారు. "మా తమ్ముడు అట్లాంటోడు కాదు, వానల వెట్టి నువ్వే ఖరాబు చేసినవ్" అని ఆవిడ. ఇంట్లో మాటలు తగ్గాయి. వచ్చే నెల చెరువుగట్టు దగ్గర బామ్మర్ది కొడుకు పుట్టువెంట్రుకలు. అందరూ కలుస్తారు. అక్కడ డబ్బు సంగతి ఎత్తాలా? చాచాకు ఏం చెప్పాలి? 14 వేలు పెట్టాలా, అమ్మి వదిలించుకోవాలా? ఇవీ ఆయన ప్రశ్నలు.

సమాధానం:

సార్, మీరు అడిగినవన్నీ డబ్బు గురించి, మనుషుల గురించి. నేను లివర్‌తో మొదలుపెడతాను. దానికి ఏమైందో తేలకుండా తప్పు ఎవరిదో తేలదు. మీ ఇంట్లో వాదమంతా అది తేలకముందే అయిపోయింది.

మీ ఉత్తరంలో అన్నిటికన్నా విలువైన వాక్యం మీరు మధ్యలో అలవోకగా రాసి వదిలేసినది: ఎండ ఎక్కాక ఒక్కోసారి గేరు పడుతుంది. విరిగిన ముక్క ఎండకు అతుక్కోదు. అరిగిన పన్ను మధ్యాహ్నానికి మొలవదు. పొద్దున పట్టనిది మధ్యాహ్నం పట్టిందంటే లోపల ఏదో గడ్డకట్టి, వేడికి మెత్తబడుతోందని అర్థం. అది నూటికి తొంభై పాళ్లు పాత గ్రీజు.

లివర్ మీద క్లారిస్ అని ఉందన్నారు. షిమానో అనే జపాన్ సైకిలు సామాన్ల కంపెనీ రోడ్ బైకుల కోసం చేసేవాటిలో అందుబాటు ధరది, వెనక ఎనిమిది చక్రాలు, ముందు రెండు. ఇందులో బ్రేకు, గేరు ఒకే లివర్‌లో ఉంటాయి. బ్రేకు ఆకునే పక్కకు, లోపలికి తోస్తే వైరు లాగబడి చైను పెద్ద చక్రం మీదికి ఎక్కుతుంది. దాని వెనకున్న చిన్న ఆకును నొక్కితే వైరు వదులై చైను చిన్న చక్రానికి దిగుతుంది. 1990లో ఖరీదైన రేసు సైకిళ్ల డ్యూరా-ఏస్ సామానుతో షిమానో ఈ ఏర్పాటు తెచ్చింది. అంతకుముందు ఎక్కువ రేసు సైకిళ్లలో గేరు మార్చాలంటే చెయ్యి హ్యాండిల్ మీంచి తీసి, ఫ్రేము కింది గొట్టం మీదున్న చిన్న పుల్లను జరపాల్సిందే. ఆ పుల్లలో పాడవడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు. సుఖం వచ్చింది, దాంతోపాటు పిడికిలి కన్నా చిన్న పెట్టెలో బోలెడన్ని ముక్కలూ వచ్చాయి.

ఆ పెట్టెలో ఒక పళ్ల చక్రం ఉంటుంది. దాన్ని పట్టి తిప్పడానికి చిన్న కొక్కేలుంటాయి, ఫ్రీవీల్ లోపలుండే వాటిలాంటివే, చాచా 'కుత్తా' అంటాడు చూడండి. ఆ కొక్కేలను పళ్లలోకి నొక్కి ఉంచేవి సన్నటి స్ప్రింగులు. ఫ్యాక్టరీలో పూసిన గ్రీజు ఏళ్లు గడిచేకొద్దీ, అందులోనూ లివర్ కదలకుండా పడి ఉంటే, చిక్కబడి బంకగా మారుతుంది. అప్పుడు స్ప్రింగు బలం చాలదు. కొక్కెం వెనక్కి అంటుకుపోయి అక్కడే ఉంటుంది. మీరు ఆకును తోస్తే అది పళ్లను పట్టుకోకుండా పైపైన దాటిపోతుంది. మీరు 'ఊరికే ఊగుతుంది' అన్నది ఇదే. మే నెల మధ్యాహ్నం హైదరాబాద్‌లో ఆ గ్రీజు మెత్తగా ఉంది, గేర్లన్నీ పడ్డాయి. నవంబరు తెల్లవారుజామున పానగల్లు రోడ్డు మీద పడలేదు. రెండూ నిజమే. మీ బామ్మర్ది అబద్ధమాడాడని చెప్పడానికి ఇందులో నాకేమీ కనిపించలేదు. ఆయన తొక్కిన రోజుల్లో ఆ లివర్ బాగానే పనిచేసి ఉంటుంది.

అయినా ఊహ మీద నడవొద్దు, పరీక్ష చేసుకోండి. సైన్సు లెక్చరరో తెలుగు లెక్చరరో మీరు రాయలేదు. ఎవరైనా చేయగలిగిన పరీక్షే. వెనక గేరు మిషను (చైనును ఒక పళ్ల చక్రం నుంచి ఇంకోదానికి జరిపేది) దగ్గర వైరును బిగించిన బోల్టు ఉంటుంది, 4 లేదా 5 మిల్లీమీటర్ల ఎలెంకీ పడుతుంది. దాన్ని వదులు చేసి వైరు కొసను ప్లయర్‌తో పట్టుకుని కొద్దిగా లాగి ఉంచమని ఇంట్లో ఎవరికైనా చెప్పండి. (మీ ఆవిడ పట్టుకుంటే ఇంకా మంచిది, ఆ కారణం తర్వాత.) మీరు కుడి ఆకును తోస్తూ పోండి. ఎనిమిది చక్రాలకు ఈ చివర నుంచి ఆ చివరకు ఏడు టక్కులు రావాలి. పొద్దున ఆరింటికి ఒకసారి, సైకిలును కాసేపు ఎండలో పెట్టాక మధ్యాహ్నం ఒకసారి లెక్కపెట్టండి. పొద్దున సున్నా, మధ్యాహ్నం నాలుగో ఏడో వస్తే గ్రీజే. రెండు పూటలా ఏడూ వచ్చి, ప్రతి టక్కుకూ వైరు కదిలితే లివర్‌కు ఏ దోషమూ లేదు, వెనకవైపు వెతకాలి. వేడి చలి తేడా లేకుండా ఎప్పుడూ ఒకే చోట, ఉదాహరణకు నాలుగో టక్కు దగ్గరే, జారిపోతుంటే అక్కడ పన్ను అరిగిందో విరిగిందో అనుకోవాలి. అప్పుడు హైదరాబాద్ షాపు చెప్పిందాన్లో సగమైనా నిజం.

సగమే. ఎందుకంటే మీ ఎడమ లివర్ గురించి మీరు ఒక్క ఫిర్యాదూ రాయలేదు. అది పనిచేస్తోంది. కుడిది, ఎడమది వేర్వేరు వస్తువులు. ఒకటి పోతే రెండోది మార్చాలన్న నియమం లేదు. వీడియో చూసి 'జత' అనడం వాళ్లకు సులువు. సరుకు జతగా వస్తుంది, పని తొందరగా అవుతుంది, మళ్లీ ఫిర్యాదు రాదు. మోసం అనను. కానీ చేత్తో పట్టుకోకుండా చెప్పిన రోగానికి 14 వేల మందు కొనకండి.

చాచాను ఒక్క మాట అడగాలి: పాత వైరు బయటికి తీసినప్పుడు దాని కొసన మిరియపు గింజంత గుండు ఉందా? గేరు వైర్లు చాలాసార్లు ఆ గుండు పక్కనే, లివర్ లోపల మలుపు తిరిగేచోట, ఒక్కొక్క పోగుగా తెగుతాయి. కొన్నిసార్లు వైరు ఊడి వస్తుంది, గుండు, రెండు మూడు పోగులు లోపలే ఉండిపోతాయి. ఆ ముక్కలు పళ్లలో ఇరుక్కుంటే ఎంత కడిగినా లివర్ పట్టదు. చాచాకు గుర్తులేకపోతే, చిన్న ఆకును చాలాసార్లు నొక్కి లివర్‌ను పూర్తిగా వదులు స్థితికి తెచ్చి, వైరు తీసి, గుండు కూర్చునే రంధ్రంలోకి టార్చి వేసి చూడండి. పోగు కనబడితే సన్నటి పట్టకారుతో తీయాలి. లివర్ పూర్తి వదులు స్థితిలో లేకపోతే ఆ రంధ్రం ఎదురుగా రాదు, గుండు బయటికి జారదు. బలవంతంగా లాగి చాలామంది అక్కడే చెడగొడతారు.

గ్రీజు అని తేలితే కడగడం ఇలా. వైరు వదులుగా ఉండగానే లివర్ మీది రబ్బరు తొడుగును వెనక నుంచి మెల్లగా ముందుకు ఒలవండి. హడావిడి పడితే చిరుగుతుంది. బ్రేకు ఆకును పూర్తిగా పట్టి ఉంచితే ముందువైపు సందు తెరుచుకుంటుంది, లోపల మెరిసే ఇనుప ముక్కలు కనిపిస్తాయి. ముందు చక్రం రిమ్ము మీద, బ్రేకు రబ్బర్ల మీద పాతగుడ్డ కప్పడం మరవొద్దు. అక్కడ నూనె పడితే గేరు బాగుపడి బ్రేకు పోతుంది, అది ఇంకా ప్రమాదం. ఇప్పుడు డబ్ల్యూడీ-40 లాంటి స్ప్రేకు సన్నగొట్టం తగిలించి ఆ సందులోకి కొట్టండి. కొట్టి ఆకులు రెండూ మార్చి మార్చి నొక్కుతూ ఉండండి. మొదట ఏమీ జరగదు. తర్వాత పసుపు, గోధుమ రంగులో బంక కారడం మొదలవుతుంది. తుడవండి, మళ్లీ కొట్టండి, మళ్లీ నొక్కండి. ఏదో ఒక నొక్కుకు మొదటి టక్కు వస్తుంది, అది వేలికి తెలుస్తుంది. ఒకటి రాగానే పని అయిపోయిందని వదిలేయొద్దు. కారేది తేటగా అయ్యేదాకా చేయాలి. రాత్రంతా అలా వదిలి పొద్దున మళ్లీ ఒక విడత.

కడిగాక నూనె వేయాలి. ఆ స్ప్రే కడగడానికి బాగుంటుంది గానీ ఎక్కువకాలం నిలవదు. కుట్టుమిషన్ నూనెలాంటి పల్చటిది నాలుగైదు చుక్కలు వేస్తే చాలు. గ్రీజు మళ్లీ కూరొద్దు, జబ్బు దాంతోనే వచ్చింది. పెట్రోలు, థిన్నరు దగ్గరికి రానీయొద్దు, రబ్బరు, ప్లాస్టిక్ పాడవుతాయి. ఇంట్లో ఎవరో ఒకరు కొబ్బరినూనె వేయమంటారు, అదీ వద్దు. 24 డిగ్రీల దగ్గరే గడ్డకట్టే నూనె అది. చలికాలం పొద్దున సీసాలో ఎలా ఉంటుందో మీకు తెలుసు, లివర్‌లోనూ అలాగే ఉంటుంది. ఇంకొకటి: ఎంత ఉత్సాహం వచ్చినా ఆ పెట్టె విప్పకండి. స్ప్రింగులు ఎగిరిపోతాయి. లోపలి ముక్కలు విడిగా కొనడానికి దొరకవు. విప్పితే మాత్రం నిజంగానే కొత్త లివర్ కొనాల్సి వస్తుంది.

ఇదంతా మీ మొదటి జబ్బు. రెండోది చాచా ఔటర్. కొత్త వైరు వేశాక చైను కిందికి బద్ధకంగా దిగుతోందన్నారు కదా. గేరు ఔటర్, బ్రేకు ఔటర్ చూడటానికి ఒకేలా ఉన్నా లోపల వేరు. బ్రేకుది సాధారణంగా 5 మిల్లీమీటర్ల లావు, లోపల తీగ స్ప్రింగులా చుట్టలు చుట్టి ఉంటుంది. గేరుది 4 మిల్లీమీటర్లు, తీగలు పొడవునా నిలువుగా ఉంటాయి. కత్తిరించిన కొస చూస్తే తెలిసిపోతుంది. షిమానో గేరు ఔటర్ అయితే పైన ఎస్ఐఎస్ అని అచ్చు కూడా ఉంటుంది. చుట్టల ఔటర్ వైరు లాగినప్పుడు కొంచెం నొక్కుకుపోతుంది. బ్రేకుకు ఆ కొంచెం లెక్కలోకి రాదు. గేరుకు వస్తుంది. ఎనిమిది గేర్ల షిమానోలో ఒక్క టక్కుకు వైరు కదిలేది 2.8 మిల్లీమీటర్లే, దానికి వెనక మిషను 4.8 మిల్లీమీటర్లు, అంటే సరిగ్గా ఒక చక్రం దూరం, జరగాలి. ఔటర్ ఒక మిల్లీమీటరు మింగేస్తే చైను రెండు చక్రాల మధ్య వేలాడుతుంది, గరగరమంటుంది.

దీన్నీ ఇంట్లోనే చూడొచ్చు. వైరు మళ్లీ బిగించి, వెనక చక్రం నేలకు తగలకుండా ఎత్తి పెడలు తిప్పుతూ, ఫ్రేము కింది గొట్టం వెంట బయటికి కనిపించే వైరును వేళ్లతో బయటికి లాగండి. చైను పెద్ద చక్రాల మీదికి ఎక్కాలి. వదిలితే చప్పున దిగాలి. ఎక్కడం బాగుండి దిగడం నెమ్మదైతే రాపిడి ఔటర్‌లోనే, ఎక్కువగా వెనక మిషను దగ్గరి ఆ చివరి వంపులో.

మూడోది మీరు గమనించలేదనుకుంటాను. సైకిలు బస్సు డిక్కీలో ఏ పక్కకు పడుకోబెట్టారు? గేరు మిషను కిందికి ఉంటే అది తగిలించిన చిన్న అల్యూమినియం పలక, హ్యాంగర్ అంటారు, వంగి ఉండొచ్చు. ఫ్రేముకు దెబ్బ తగలకుండా అది వంగడానికే పెట్టారు. సైకిలు వెనక కూర్చుని చూడండి: మిషనులోని రెండు చిన్న చక్రాలు పైనున్న పళ్ల చక్రాలతో ఒకే గీతలో నిలువుగా కనిపించాలి. కిందిది స్పోకుల వైపు వాలి ఉంటే వంగినట్టే. అదే నిజమైతే, లివర్ బాగుపడినా అన్నిటికన్నా పెద్ద చక్రం మీదికి ఇప్పుడే వెయ్యకండి, మిషను స్పోకుల్లో పడుతుంది. దాన్ని కొలిచి సరిచేసే పరికరం పెద్ద సైకిల్ షాపుల్లో ఉంటుంది, ఈ ఒక్క పనికి హైదరాబాద్ తీసుకెళ్లడంలో తప్పులేదు. మే నుంచి వానలదాకా బాగానే నడిచిందన్నారు కాబట్టి వంగకపోయి ఉండే అవకాశమే ఎక్కువ. ఒకసారి చూస్తే పోతుంది.

ఇప్పుడు డబ్బు. కడగడం, సరైన ఔటర్ ముక్కలు, కొసలకు టోపీలు, కొత్త హ్యాండిల్ టేపు (లివర్ దగ్గరి ఔటర్ దాని కిందే ఉంటుంది, పాతది విప్పక తప్పదు), అన్నీ కలిపినా జత లివర్ల ధరలో చిన్న భాగమే అవుతుంది. ఒకటి రెండు సాయంత్రాలు మురికి పట్టుకోవాలి. దీనితో బాగయ్యే అవకాశం మీ లక్షణాలను బట్టి బాగా ఉంది. కాకపోతే పోయేది స్ప్రే డబ్బా. ఔటర్ ఎలాగూ మార్చాల్సిందే.

కడిగినా పట్టకపోతే కుడి లివర్ ఒక్కటే కొనండి, ఎనిమిది గేర్లదే అని గట్టిగా చెప్పి. తొమ్మిది, పది గేర్లది 'ఇంకా మంచిది సార్' అని ఇస్తే మీ వెనక చక్రాలతో కుదరదు, వరుసగా అన్నీ మార్చుకుంటూ పోవాలి. మైక్రోషిఫ్ట్ అనే ఇంకో కంపెనీ వాళ్లు కూడా షిమానో ఎనిమిదికి సరిపడే లివర్లు చేస్తారు. సెకండ్‌హ్యాండు లివర్ చవకగా దొరకొచ్చు, కానీ అది కూడా ఎవరిదో బాల్కనీలోంచే వస్తుంది. మామూలు గేరు సైకిలు బొటనవేలి లివర్ తగిలిద్దామని ఎవరైనా అంటే ఆలోచనలో తప్పులేదు గానీ, అది 22.2 మిల్లీమీటర్ల హ్యాండిల్ కోసం చేసింది. వంపు హ్యాండిల్ 23.8, మధ్యలో ఇంకా లావు. పట్టు కూర్చోదు.

ఏమీ కొనకుండా తాత్కాలికంగా నడిపించే దారి ఒకటుంది, మోకాళ్ల కోసం దీన్ని రేపే చేయండి. కుడి లివర్ వదులు స్థితిలో ఉండగా వెనక బోల్టు వదులు చేసి, పెడలు తిప్పుతూ మిషనును చేత్తో లోపలికి తోసి, చైను మధ్య చక్రం దగ్గరికి, 19 పళ్లో ఎన్ని ఉంటే అన్ని, వచ్చాక వైరును ప్లయర్‌తో బిగువుగా లాగి బోల్టు బిగించేయండి. ఇక కుడి లివర్ ముట్టుకోకండి. ఎడమ లివర్‌తో ముందు రెండు చక్రాలు మార్చుకోవచ్చు కాబట్టి రెండు గేర్లుంటాయి. ఇప్పుడు మీరు వెనక 11 పళ్ల మీద తొక్కుతున్నారు. ముందు 50 పళ్లదైతే పెడలు ఒక చుట్టుకు సైకిలు దాదాపు 9.5 మీటర్లు పోతుంది, 34దైనా 6.5. వెనక 19 మీద 34 వేస్తే మూడున్నర దాటి నాలుగుకు లోపు. షుగరు తగ్గించుకోవడానికి మొదలుపెట్టి మోకాళ్లు పోగొట్టుకోవడం ఎందుకు? నాన్నగారి మాటకు జవాబు కూడా ఇందులోనే ఉంది. ఆయన తొక్కిన సైకిలుకు ఉన్న ఒక్క గేరూ మనిషి బలానికి సరిపోయేలా పెట్టిందే. మీది ఇరుక్కున్నది పందెగాళ్లు దిగుడులో వాడే గేరులో.

అమ్మేయడం? అమ్మొచ్చు. అప్పుడు కొనేవాడికి లివర్ సంగతి చెప్పి తగ్గించి అమ్మాలి. చెప్పకుండా మిట్టమధ్యాహ్నం తొక్కించి చూపించి అమ్మితే, బామ్మర్ది చేశాడని మీరు అనుకుంటున్న పనే మీరు తెలిసి చేసినట్టు.

మనుషుల దగ్గరికి వద్దాం. ముందు మీ ఆవిడ. 'అంటగట్టిండు' అన్నది మీరు ఆమె పుట్టింటి మీద వేసిన మాట, సైకిలు బాగైనా అది అక్కడే ఉంటుంది. వైరు పట్టుకోమని పిలవమన్నది అందుకే. పొద్దున రాని టక్కు మధ్యాహ్నం రావడం ఆమే కళ్లారా చూస్తే మీరు పెద్దగా వివరించక్కర్లేదు. "నేను తొందరపడ్డ" అంటే సరిపోతుంది. ఆమె అన్నదాంట్లో కూడా కొంత నిజముందని ఒప్పుకోండి. బాల్కనీలో ఏళ్లు పడి ఉండటం ఒక కారణం, మీ వరండాలో వానాకాలమంతా కదలకుండా ఉండటం రెండోది. ఎవరి వాటా ఎంతో విడదీయలేం.

బామ్మర్దిని అడగడంలో మీకు మూడు దారులున్నాయి. ఏమీ అనకుండా ఊరుకోవడం ఒకటి. ఇంట్లో ప్రశాంతత ఉంటుంది, కానీ మీరు ఊరుకునే మనిషిలా లేరు. ఏడాది తర్వాత ఇంకేదో పెళ్లిలో అది బయటికి వస్తుంది. సగం ఖర్చు ఇమ్మని అడగడం రెండోది. కొత్త లివర్ తప్పదని తేలితే అది అన్యాయమైన కోరిక ఏమీ కాదు, 'కొత్తదాని లెక్క' అని ఆయనే అన్నాడు. అయితే చేతిలో తేలిన విషయం ఉండాలి, షాపువాడి వీడియో అంచనా కాదు. ఆ మాట చెరువుగట్టు మీద, అత్తమామల ముందు, పిల్లవాడికి వెంట్రుకలు తీసేచోట ఎత్తితే మాత్రం ఆయన డబ్బు ఇచ్చినా ఇవ్వకపోయినా మీకే నష్టం. మూడోది నాకు నచ్చేది: ఈ వారమే ఫోన్ చేసి డబ్బు ప్రస్తావన లేకుండా, ఆఖరిసారి సర్వీసు ఎప్పుడు చేయించావు, ఎప్పుడైనా కుడిపక్కకు పడిందా, వైరు ఎప్పుడైనా మార్చావా అని అడగండి. మీ పరీక్షకు ఆ జవాబులు నిజంగా అవసరం. దాచేవాడైతే తడబాటు తెలుస్తుంది. దాచనివాడైతే "ఏమైంది బావా?" అని తనే అడుగుతాడు. సాఫ్ట్‌వేర్ జీతం ఉన్న బామ్మర్ది, అక్క ఇంట్లో గొడవని తెలిస్తే తనే పంపుతానంటాడేమో కూడా. తీసుకోవాలా వద్దా అన్నది అప్పుడు చూసుకోండి.

చాచా విషయంలో మీరు అనవసరంగా బెంగపడుతున్నారు. ఆయన తప్పు ఔటర్ వేశాడు, నిజమే. ఆయన దుకాణానికి వచ్చే సైకిళ్లలో నూటికి ఒకటి కూడా ఇలాంటిది ఉండదు. అదే చాచా వంకర పోయిన చక్రాన్ని స్పోకు బిగించి వేలి అంచనాతో సరిచేస్తాడు, ఆ పని చేతకాని పెద్ద షాపులను చూశాను. సరైన ఔటర్ మీరు తెప్పించి తీసుకెళ్లి, "చాచా, గేరుకు ఇది వేయాల్నట, జర కోసియ్యి" అనండి. కొస చదునుగా కోయాలి, నలిగిన రంధ్రాన్ని మేకు మొనతో గుండ్రంగా తెరవాలి, టోపీ పెట్టాలి. ఆ పని ఆయన మీకన్నా శుభ్రంగా చేస్తాడు. కడిగే పని మాత్రం ఇంట్లోనే పెట్టుకోండి. అంతసేపు లివర్ నొక్కుతూ కూర్చునే తీరిక దుకాణంలో ఎవరికీ ఉండదు.

అంతా అయ్యాక గేరు కొంచెం అటూ ఇటూ ఉంటే వెనక మిషను దగ్గర వైరు దూరేచోట తిప్పే మర ఉంటుంది. పెద్ద చక్రానికి ఎక్కడం కష్టమైతే దాన్ని విప్పేవైపు, అంటే వైరు బిగిసేలా, పావు చుట్టు తిప్పండి. దిగడం కష్టమైతే ఎదురు. పావు చుట్టు చొప్పునే. మిషను మీదున్న రెండు చిన్న స్క్రూలు చైను అటు స్పోకుల్లో, ఇటు ఫ్రేములో పడకుండా ఆపేవి, గేరు పట్టకపోవడంతో వాటికి సంబంధం లేదు. సరదాకు తిప్పొద్దు.

హ్యాండిల్ టేపు వెంటనే చుట్టకండి. ఓ పది పొద్దులు అలాగే తొక్కి, డిసెంబరు చలిలో కూడా ఏడు టక్కులూ వస్తే అప్పుడు చుట్టండి. రాకపోతే ఇంకోసారి కడగండి. రెండోసారి కడిగినా చలికి మొండికేస్తే కుడి లివర్ కొనండి, పాతదాన్ని పారేయకండి. దాని రబ్బరు తొడుగు, బ్రేకు ఆకు, బిగించే పట్టీ, కొత్తదీ అదే మోడలైతే, దానికి ఎప్పుడైనా పనికొస్తాయి.